జపాను పెట్టెలో వరిగ ఉంటలు

తీపి నోట్లో పెట్టుకుంటే కోపం వచ్చే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మొన్న మా మనవరాలు ఆఫీసు పని మీద జపానుకు పోయి వస్తూ నాకొక మిఠాయి పెట్టె తెచ్చింది. ఆ దేశంలో ఏ ఊరికి పోతే ఆ ఊరి తీపి కొని ఇంటికి తీసుకుపోవడం ఆనవాయితీ అట. ఇది ఒకయామా అనే ఊరిదట. మూత తీస్తే పిండి అద్దిన చిన్న చిన్న ఉంటలు, తెల్లగా, మెత్తగా, వరసల్లో ఉన్నాయి. పేరు చదివి వినిపించబోయింది. "నాకు తెలుసులేవే, కిబి దాంగో" అన్నాను. పిల్ల నోరు తెరుచుకుని నన్నే చూసింది.

ఒకటి నోట్లో వేసుకున్నాను. మింగేలోపల ఒళ్లు మండిపోయింది. ఏమవ్వా, బాగలేదా అని అడిగింది. బాగుంది. శుభ్రంగా బాగుంది. అదే నా కోపం. ఎవరి మీద అని అడిగితే ఏం చెప్పను? ఆ మనుషుల్లో ఒక్కరూ ఇప్పుడు లేరు, నా కోపం మాత్రం ఉంది.

మాది కోసిగి దగ్గర ఒక పల్లె. వాన ఆలస్యమై జొన్నకూ కొర్రకూ అదును తప్పిపోతే ఆఖరికి వరిగ చల్లేవాళ్లు. రెండు వానలు పడితే చాలు, అది పండేది. చాలా ఏళ్లు ఊరిని బతికించింది ఆ గింజే. అయినా దానికి మర్యాద లేదు. వరిగలంటే కూలివాళ్లకు కొలవడానికి. మాకు మామూలు రోజుల్లో జొన్నరొట్టె, కొర్రన్నం. చుట్టాలొస్తే వరి బువ్వ. ఇంట్లో బియ్యం లేకపోతే మా అమ్మ పైట కింద చేట దాచుకుని దొడ్డిదారిన పోయి, ఎవరింట్లోనో బదులు తెచ్చి వండేది. గంజి కేంద్రాలు పెట్టిన కరువేడు మేమూ వరిగ బువ్వే తిన్నాం, కానీ తలుపేసుకుని తిన్నాం. ఎవరైనా పిలిస్తే మూతి తుడుచుకుని బయటికి వచ్చేవాళ్లం. పిలిచినవాళ్లూ అప్పుడే మూతి తుడుచుకుని వచ్చుంటారు. అందరూ తింటున్నదే, అందరికీ తెలిసిందే, అయినా తలుపులు వేయడం ఎవరూ మానలేదు. తలుచుకుంటే నవ్వు రావాలి. నాకు రాదు.

మా అన్న లడాయి రోజుల్లో పట్టాళంలో చేరాడు. లడాయి ముగిశాక ఆయన దండును జపానుకు పంపారు. ఒకయామా అప్పటికి బాంబులకు కాలిపోయి ఉంది. లడాయికి ముందు ఆ ఊరి స్టేషను దగ్గర మిఠాయి అంగడి పెట్టుకున్న ఒక ముసలామె రేకుల కింద కాపురం ఉండేదట. అన్న తన రేషన్లో వచ్చే చక్కెర కొంచెం ఆమెకు ఇచ్చేవాడు. ఒకరోజు ఆమె మూలన దాచుకున్న చిన్న సంచి విప్పి గింజలు చూపించింది. చేతిలోకి తీసుకుని చూస్తే, వరిగలు. మన వరిగలే, కాస్త పసుపుపచ్చన ఎక్కువ, అంతే. ఆ ఊరికి పేరు తెచ్చిన కిబి దాంగో వాటితోనే చేసేవాళ్లట, కిబి అంటే వరిగలేనట. ఆ స్టేషన్లో రైలెక్కేవాళ్లంతా ఇంటికి ఒక పెట్టె పట్టుకుపోయేవాళ్లట. ఈ మాట మా అన్న ఊళ్లో ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. ఒక్కరూ నమ్మలేదు. వరిగలు ఎవరన్నా పెట్టెలో పెట్టుకుని చుట్టాలింటికి పోతారా అని పడీపడీ నవ్వారు.

వచ్చేటప్పుడు ఆ ముసలామె పలచటి చెక్క పెట్టెలో కొన్ని ఉంటలు పెట్టి ఇచ్చింది. ఓడలు మారి, రైళ్లు మారి మా ఇంటికి చేరేసరికి అవి రాళ్లయిపోయాయి. అందులో ఏం కలిపారో, ఏ కొవ్వు పోశారోనని ఎవరూ ముట్టుకోలేదు. మా మామ కూతురు ఒక్కతే ముట్టుకుంది. మా అమ్మకు అన్న అయిన ఆ మామది కోడుమూరు. సెలవు మీద వచ్చిన అన్నను చూడటానికి ఆయన వచ్చినప్పుడు ఆ పిల్ల కూడా వచ్చింది. చిన్నది. ఒక ఉంటను రోట్లో వేసి చితక్కొట్టి, వేడి పాలలో వేసుకుని తిని, తియ్యగుండాది బావా అంది. అన్న ఆ రోజంతా ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే తిరిగాడు. పెట్టె ఖాళీ అయ్యాక అమ్మ దాంట్లో కుంకుమ పోసుకుంది.

మేనరికం కాబట్టి ఆ పిల్ల మా అన్నకేనని ఆమె పుట్టినప్పుడే అనుకున్నారు. అన్న పట్టాళం మానుకుని వచ్చి మడక పట్టేసరికి, ఆమె పెళ్లీడుకొచ్చింది. మేనత్త ఇల్లని ఏడాదికోసారి వచ్చి నాలుగు రోజులు ఉండి పోయేది. వచ్చినప్పుడల్లా ఆ జపాను ఉంటలు చేయరాదా బావా అని పోరు పెట్టేది. మా నాయన లేడు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. మా అన్న పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

నన్ను ఊళ్లోనే ఇచ్చారు, అమ్మ ఇంటికి రెండు సందుల అవతల. దంచడానికి నేను పోయేదాన్ని. మొదట్లో చేసినవన్నీ విరిగి పొడైపోయాయి. ఆ దేశపు వరిగకు జిగురు ఉందట, ఉడికితే సాగుతుందట. మనదానికి ఎక్కడిది? పాకం ముదిరిస్తే పళ్లకు దెబ్బ, లేతగా తీస్తే చేతికి రాదు. మగవాడికి పొయ్యి కాడ ఏం పనని అమ్మ సణిగేది. కడకు గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, దారి చూపించింది. వరిగ బియ్యాన్ని నానబెట్టి, తడి మీదే దంచి, జల్లించి, ఆ పిండిని ఆవిరి మీద ఉడికించి, దాంట్లో ఉడికిన గెనుసుగడ్డ వేసి, బెల్లం పాకం పోస్తూ రోకలితో కుమ్మాలి. రెక్కలు పడిపోయేవి. ఆపైన చిన్న చిన్న ఉంటలు చేసి వేయించిన పిండిలో దొర్లించాలి. మరునాటికి అవి పగల్లేదు, గట్టిపడలేదు. అన్న ఒకటి కొరికి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇదే అమ్మీ, ఇదే రుచి అన్నాడు. నాకూ సంతోషంగానే ఉండింది, ఎందుకు లేదంటాను.

ఆ రోజుల్లోనే కర్నూలు రాజధాని అయింది. సర్కారు కచేరీలు గుడారాల్లో పెట్టారు, ఉద్యోగస్తులకు ఇళ్లు దొరికేవి కావు. మా మామకు కర్నూల్లో ఒక మిద్దె ఉండేది. దాన్ని ఒక ఆఫీసరుకు బాడుగకిచ్చాడు. ఇక చూడాలి, మనిషి నడకే మారిపోయింది. నోరు తెరిస్తే మా ఆఫీసరు గారు. కొర్రన్నం తిని పెరిగిన మనిషి, వరి తప్ప గొంతు దిగదనడం మొదలుపెట్టాడు. అల్లుడు మడక దున్నుతున్నాడని నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ పడుతున్నాడని అమ్మ చెవిన పడింది.  తొందరగా తాంబూలాలు మార్చుకుందామని కబురు మీద కబురు పంపింది. ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

ఆ రోజుకు అమ్మ సన్నబియ్యం తెప్పించింది. ఓళిగలు చేసింది, పాయసం చేసింది. వాటితోపాటు జపాను ఉంటలు కూడా పెడదామని అన్న అడిగాడు. అమ్మ చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది.

"పెట్టుకో నాయనా. గింజ పేరు మాత్రం చెప్పొద్దు. జపానుదని చెప్పు, సాలు."

"అడక్కపోతే చెప్పనమ్మా. అడిగితే మాత్రం అబద్ధమాడను," అన్నాడు అన్న.

తిండి పెడితే తినిపోతారు గానీ పిండి ఏదని ఎవరడుగుతారులే అనుకుంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

మామ, అత్త, వాళ్ల తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. పిల్లను తేలేదు. బువ్వ తిన్నారు, ఓళిగలు తిన్నారు, పాయసం జుర్రుకున్నారు. నట్టింట్లో ఆకు వక్క పళ్లెం సిద్ధంగా ఉంది, అది చేతులు మారితే అయిపోయినట్టే. అప్పుడు అన్న ఇత్తడి తట్టలో ఉంటలు తెచ్చి పెట్టాడు. మామ ఒకటి నోట్లో వేసుకుని, నమలడం ఆపి, ఇంకొకటి తీసుకున్నాడు. ఇవి యాడివప్పా, శానా బాగుండాయే అన్నాడు. జపాను ఉంటలు మామా, ఒకయామా ఊర్లో తిని నేర్చుకొచ్చినా అన్నాడు అన్న. మామ మొహం ఇంతయింది. పెద్దమనుషుల వైపు తిరిగి, మా అల్లుడు సముద్రాలు దాటి వచ్చినోడని మీసం దువ్వాడు. ఆ సంబంధం కుదరడం కళ్లారా చూశాను నేను. మడక దున్నే అల్లుడు ఒక్క ఉంటతో సముద్రాలు దాటిన అల్లుడయ్యాడు. అత్త కూడా రెండు తినింది. ఇంకా ఉంటే కట్టివ్వండి, కర్నూల్లో మా ఆఫీసరు గారికి ఇస్తానన్నాడు మామ. అమ్మ ఆనందం పట్టలేక చెక్క పెట్టెలో కుంకుమ వంపేసి, తుడిచి, అన్న చేతికిచ్చింది. అన్న ఉంటలు పేరుస్తూ నా చెవిలో, ఆ పిల్ల కూడా తింటుంది లేమ్మీ అన్నాడు. ఆయన మనసంతా ఆ పెట్టెలో కోడుమూరు పోతోందని నాకు అర్థమైంది.

పెట్టె చేతిలో పట్టుకుని మామ అడిగాడు.

"ఆఫీసరు గారు అడిగితే చెప్పాల గదా. ఏం పిండప్పా ఇది?"

అన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తల అడ్డంగా ఆడించింది.

"వరిగలు మామా. మన చేన్లో వరిగలే," అన్నాడు.

మామ నోట్లో అప్పుడు కూడా ఒక ఉంట ఉంది. పెట్టెను అత్త చేతిలో కుక్కి, లేచి వాకిట్లోకి పోయి ఉమ్మేశాడు. తొట్టిలో నీళ్లు తీసుకుని పుక్కిలించాడు. మళ్లీ పుక్కిలించాడు. అప్పటికే కడుపులోకి పోయిన వాటిని ఏం చేసుకుంటాడో అడగాలని నాకు నాలుక మీదికి వచ్చింది. ఆడపిల్లనని మింగేశాను. అడిగేయాల్సింది.

"కూలోళ్లకు కొలిచే గింజ నా చేతిలో పెడతావా? నా బిడ్డనిచ్చేది నీ ఇంట్లో వరిగలు తినేకేనా?" అన్నాడు మామ.

అమ్మ పరుగెత్తిపోయి మామ చేతులు పట్టుకుంది. పిల్లోడు తమాషాకన్నాడు, అది బియ్యప్పిండే, నేనే దంచినా, నీ మీద ఒట్టు అంది. చెప్పులో కాలు పెట్టబోతున్న మామ ఆగాడు. నిజం చెప్పాలంటే ఆయనకూ ఆగాలనే ఉంది. తినేశాడు, పొగిడేశాడు, పెద్దమనుషుల ముందు మీసం దువ్వేశాడు. ఆయనకు కావాల్సింది ఒక్క మాట. ఆ మాట వాణ్నే చెప్పమను అన్నాడు.

అందరం అన్న వైపు చూశాం. బియ్యమే మామా అంటే చాలు, ఆకు వక్క చేతులు మారేవి, ఆ పిల్ల మా ఇంటికొచ్చేది. అమ్మ కళ్లతోనే కాళ్లు పట్టుకుంటోంది.

"ఊరు కాలిపోయినా ఆ ముసలామె ఇది మా ఊరిదని చెప్పి ఇచ్చింది మామా. నా చేన్లో గింజను నాది కాదని నేనెట్ల చెప్పేది?" అన్నాడు అన్న.

అంతే. మామ వెనక్కి తిరిగి చూడలేదు. అత్త పెట్టెను అరుగు మీద దించి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లింది. పొలం నుంచి కూలి గింజలు కొలిపించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు అమ్మ ఆ తట్ట అలాగే ఎత్తి ఇచ్చేసింది. వాళ్లు కొరికీ కొరకగానే, ఇవి మా వరిగలే గదా అని ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఈ రోజు ఏం పండగ అని అడిగారు. అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

నేను అన్నను కడిగేశాను. ఒక్క మాట, నోటి మాట, బియ్యం అంటే నీ సొమ్మేం పోయేది అని అరిచాను. ఆ ముసలామె వచ్చి వినబోయిందా? వరిగలు వచ్చి నిలదీసేవా? ఆయన కొడవలి తీసుకుని చేనికి పోయాడు. ఆయన మీద నాకు మామ మీద ఉన్నంత కోపం ఉండేది. ఇప్పుడూ ఉంది. నిజం చెప్పినవాడి మీద కోపం ఏమిటని మీరనచ్చు. ఆ నిజానికి మా అమ్మ పుట్టిల్లు పోయింది. ఆమె మళ్లీ కోడుమూరు గడప తొక్కలేదు.

ఆ ఏడు తిరక్కుండానే మామ తన కూతుర్ని ఆ ఆఫీసరు కింద పనిచేసే గుమాస్తాకు ఇచ్చేశాడు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు పీకేశారు, గుమాస్తాతోపాటు ఆమె కూడా పోయింది. మామ మిద్దె ఖాళీగా మిగిలింది. నాకు సంతోషమే. దాచుకోవడం ఎందుకు? అన్న పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. వరిగ చల్లిన ఏడల్లా మాత్రం ఆ ఉంటలు చేసేవాడు. నేను దంచేదాన్ని, తిట్టుకుంటూ దంచేదాన్ని.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె వచ్చింది. మొగుడితో మంత్రాలయం దర్శనానికి వచ్చి, మేనత్తను చూసిపోతానని కోసిగిలో దిగిందట. ఎండలో ఎద్దులబండి ఎక్కనని ఆయన స్టేషన్లోనే కూర్చున్నాడు. ఆమె ఒక్కతే వచ్చింది. అన్న ఆదోని మార్కెట్టుకు పోయి ఉన్నాడు. అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చి ఏడ్చి అలసిపోయి పడుకుంది. నేను వంటింట్లో ఉంటే వచ్చి, ఆ ఉంటలు చేద్దామా వదినా అంది. అన్న మరునాడు చేయాలని నానబెట్టిన వరిగలు ఉన్నాయి. నీళ్లు వంచి రోట్లో పోశాను. ఆమె ఎదురుగా నిలబడి తనూ ఒక రోకలి తీసుకుంది.

దంచుతూ దంచుతూ అడిగింది, ఆ రోజు బావ ఎందుకట్ల చేశాడని. ఎట్ల చేశాడన్నాను.

"నేనంటే ఇష్టం లేక, సంబంధం చెడగొట్టేకి బావ కావాలనే మమ్మల్ని కూలోళ్లను చేసినాడని మా నాయన చెప్పినాడు వదినా. ఇన్నేండ్లూ అదే అనుకుంటాండా," అంది.

నా చేతిలో రోకలి ఆగిపోయింది. మామ ఆ రోజు ఉమ్మింది చాలక ఇంత పని చేశాడా అని కడుపు మండిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పెట్టె సర్దుతూ నా చెవిలో అన్న అన్న మాట కూడా చెప్పాను. ఆమె దంచడం ఆపలేదు. పిండి ఎప్పుడో మెదిగిపోయింది, అయినా దంచుతూనే ఉంది.

"నన్నెవరూ అడగల్యా వదినా. వరిగలైతే నీకు ఒప్పుదలేనా అని, నన్నొక్కరన్నా అడిగింటే," అంది.

నేనూ అడగలేదు. అన్నా అడగలేదు. సముద్రాలు దాటినవాడు కోడుమూరు దాకా పోయి ఒక్క మాట అడిగి రాలేకపోయాడు.

ఉంటలు చేశాం. ఆమె అక్కడే నిలబడి ఒకటి తినింది, కళ్లు మూసుకుని తినింది. మిగిలినవి ఆ చెక్క పెట్టెలోనే పెట్టి ఇచ్చాను. బండిలో నేనూ స్టేషను దాకా పోయాను. రైలు వచ్చే వేళయింది. మొగుడు మంచివాడిలాగే ఉన్నాడు, చెడ్డవాడని చెప్పడానికి నాకేం దొరకలేదు. పెట్టె మూత తీసి, ఒకటి నోట్లో వేసుకుని, బాగున్నాయే, వేటితో చేశారు అని అడిగాడు.

"బియ్యప్పిండివి," అంది ఆమె.

తడుముకోలేదు, నా వైపు చూడలేదు. అమ్మ ఒట్టు పెట్టినా అన్న నోట రాని మాట ఆమె నోట ఎంత సులువుగా వచ్చిందో. అలాంటివి రోజుకెన్ని చెప్పి ఆ ఇంట్లో నెగ్గుకొస్తోందో అనుకున్నాను. మొగుడు ఇంకొకటి తీసుకున్నాడు. రైలు వచ్చింది, ఎక్కారు, వెళ్లిపోయారు.

సాయంత్రం అన్న ఆదోని నుంచి వచ్చాడు. గూట్లో పెట్టె లేకపోవడం చూశాడు. చెప్పాను. చాలాసేపు ఎద్దుల దగ్గర ఏదో పని కల్పించుకున్నాడు. తర్వాత వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వరిగలని తెలిసే తినిందా?" అన్నాడు.

"తెలిసే తినింది. నాతోపాటు తనే దంచింది," అన్నాను. స్టేషన్లో మాట చెప్పలేదు.

అన్న మొహం విప్పారింది. ఆ పిల్ల చిన్నప్పుడు పాలలో వేసుకుని తిన్ననాటి నవ్వు, మళ్లీ ఆ రోజు చూశాను.

"సాలు," అన్నాడు.

జపాను పెట్టె ముందు పెట్టుకుని నేను మండిపడుతున్నది ఆ మాటకే. ఏం సాలు? ఎవరికి సాలు?